అంజిబాబు గారు ఇచ్చిన తాళంచెవి

మలికిపురం,
26-2-83.

లేదండి బావగారూ, తాళంచెవి నేనేం మింగలేదండి.

వందనాలు ముందు రాయాలి కదా, మర్చిపోయేను. పూజ్యులైన బావగారికి మీ బావమరిది ఏసుపాదం రాసుకునే వందనాలు. ఇక్కడ అక్క, మీ అమ్మగారు, చంటోడు అందరూ క్షేమం. నేను కూడా క్షేమమే అనుకుంటన్నానండి.

మీరు బొంబాయి నుంచి పంపిన సూటుకేసు నిన్న సాయంత్రం చేరింది. మీ నేస్తం అంజిబాబు గారు నరసాపురం స్టేషన్లో రైలు దిగి, నాకు సామాను అప్పజెప్పి, అటునించి అటే పాలకొల్లు అత్తారింటికి వెళ్ళిపోయేరు. నేనే పంటు మీద గోదారి దాటించి సఖినేటిపల్లి రేవులో దింపి తెచ్చేను. చాలా బరువండి. రెండు చేతులూ పట్టాలి.

తాళంచెవి మటుకు రాలేదండి. రాలేదంటే అంజిబాబు గారు ఇవ్వలేదని కాదు. ఇచ్చేరని కూడా కాదు. నా చేతిలో లేదు. జేబులో లేదు. నా నిక్కరు జేబుకి చిల్లుందని మీకు తెలుసు కదండి, అందులో నేనేమీ పెట్టను.

వీధిలో సగం మంది మనింటి ముందే కూచున్నారు. లోవమ్మ గారు సూటుకేసుకి ముక్కు ఆనించి, లోపల మూడు రకాల సెంట్లున్నాయని చెప్పేరు. పగలగొడదామంటే అక్క ఒప్పుకోలేదు. "చెవి పంపలేదంటే నన్ను తియ్యొద్దనే కదా ఆయన ఉద్దేశం. నేను ముట్టుకోను. ఆయనే వచ్చి తీసుకుంటారు" అని దాని మీద దుప్పటి కప్పేసింది. కప్పి ఏడ్చింది. రాత్రి అన్నం తినలేదు. నేనూ తినలేదండి. నాకు ఆకలి లేదు.

మీ మస్కట్ కాయితాల పని తొందరగా అయిపోయి మీరు ఇంటికి రావాలని కోరుకుంటూ,
ఏసుపాదం.

తా.క. ఎవరైనా చిన్న ఇనప సామాను పొరపాటున మింగితే ఎన్నాళ్ళు బతుకుతారండి? బొంబాయిలో పెద్ద పెద్ద డాక్టర్లు ఉంటారు కదా అని. ఊరికే అడిగేను. మింగినవాళ్ళు ఎవరూ లేరు.

* * *

బొంబాయి,
1-3-83.

చిరంజీవి ఏసుపాదానికి బావ ప్రకాశరావు ఆశీర్వాదాలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివేను. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి చెమటలు పట్టేయి. తాళంచెవి మింగేవని నిన్ను ఎవడడిగేడ్రా? అడక్కుండా లేదు లేదని రాసేవంటే ఏదో ఉంది. ఇనప సామాను మింగితే ఎన్నాళ్ళు బతుకుతారని అడిగేవు చూడు, అక్కడ నాకు సంగతంతా తెలిసిపోయింది.

చంటోడు మింగేడు కదూ?

నువ్వు అక్కకి భయపడి దాస్తున్నావు. నీది జాలిగుండె, నాకు తెలుసు. మూడేళ్ళ పిల్లాడు, చేతికి దొరికింది నోట్లో పెట్టుకుంటాడు, వాణ్ణి ఎవరూ కొట్టొద్దు. ఇక్కడ డాక్టరు దగ్గరికి పరిగెత్తేను. ఆయన చెప్పినట్టు చెయ్యండి. పొద్దున్నా సాయంత్రం చక్కెరకేళీలు తినిపించండి. మధ్యాహ్నం ఆముదం పట్టండి. ఆ తరవాత రోజూ జాగర్తగా వెతకాలి. వెతికే పని ఆడవాళ్ళ మీద పెట్టకు, నువ్వే చూసుకో.

ఒకవేళ చంటోడు మింగకపోతే, అంజిబాబు ఇవ్వలేదన్న మాట. నా చేత్తో తీసి వాడి చేతిలో పెట్టేను. వాడు రైలుకి తొందరపడిపోతున్నాడు, అయినా "జాగర్త రోయ్" అని మరీ చెప్పేను. మస్కట్లో వాడికి కూడా పని చూడమని ఏజెంటుకి చెప్పి ఉంచేను. అలాంటివాడు ఇలా చేస్తే మనిషినెలా నమ్మేది?

అక్కని అన్నం తినమను. నువ్వూ తిను.
మీ బావ,
ప్రకాశరావు.

తా.క. ఇక్కడ నా అవస్థ పగవాడికి కూడా వద్దు. మా లాడ్జీలో మా వరసకంతా ఒకటే లెట్రిను. దాని తాళంచెవి ఎవడో పట్టుకుపోయేడు. పద్నాలుగు మందిమి పొద్దున్నే డబ్బాలు పట్టుకుని రైలుపట్టాల దాకా నడుస్తున్నాం. ఆ వెధవ ఎవడో గాని నాకు దొరకాలి. ఇది అందరి ముందూ చదవకు.

* * *

మలికిపురం,
5-3-83.

పూజ్యులైన బావగారికి ఏసుపాదం వందనాలు.

మీ ఉత్తరం అందింది. మనింట్లో చదవడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కదండి, ఏడో తరగతిలో ఆగిపోయినా ఇంట్లో నేనే పెద్ద చదువు. అరుగు మీద కూచుని అందరికీ వినపడేలా చదువుతా ఉంటే, చంటోడి సంగతి ఎదురుగా వచ్చేసింది. ఆపుదామనుకునేలోపు నోట్లోంచి వచ్చేసిందండి. మీ లాడ్జీ సంగతి మటుకు చదవలేదు. అప్పటికి మన చర్చి అయ్యగారు కూడా వచ్చి కూచున్నారు.

అక్క గుండెలు బాదుకుని చంటోణ్ణి ఎత్తుకుంది. మీ అమ్మగారు ఆముదం సీసా తెచ్చేరు. నేను "వాడు మింగలేదు" అన్నాను. "నీకెలా తెలుసు?" అన్నారు మీ అమ్మగారు. చంటోడికి రెండు పూటలా చక్కెరకేళీలు, మధ్యలో ఆముదం. వాడు నావంక చూసి ఏడ్చేడండి. మీరు చెప్పిన పని నేనే చేసేను. నాకా శిక్ష న్యాయమే అనిపించింది. ఏమీ దొరకలేదు.

దాంతో అక్క అనుమానం మీ అమ్మగారి మీదికి పోయింది. మీరు చెవిని విడిగా అమ్మగారికి పంపేరని. "నేను పరాయిదాన్నయ్యేనా?" అని అత్తగారి పెట్టె తీయించింది. అందులో మీ చిన్నప్పటి చొక్కా, ఒక పాటల పుస్తకం, పొగాకు దొరికేయి. మీ అమ్మగారు పొగాకు మానేసి ఆరేళ్ళయిందని గుళ్ళో సాక్ష్యం చెప్పేరు కదండి. అప్పట్నించి అత్తాకోడళ్ళకి మాటల్లేవు. ఉప్పు కావాలన్నా నాతోనే చెప్తన్నారు.

తరవాత అంజిబాబు గారిని పాలకొల్లు నుంచి పిలిపించేరు. ఆయన పాపం రేవు నుంచి ఎండలో నడిచొచ్చి వాకిట్లో నిలబడ్డారు. అరుగెక్కమని ఎవరూ అనలేదు.

"నా చేత్తో ఈ పిల్లోడికే ఇచ్చేనండి హన్నమ్మ గారూ. స్టేషన్లో, సోడా బండి దగ్గర. ఏరా తమ్ముడూ, ఇవ్వలేదా?" అన్నారు.

అందరూ నా వంక చూసేరు. నేను నేల వంక చూసేను.

అక్క లేచి, "మా తమ్ముడు ఈస్టరు ముందు శ్రమదినాల ఉపవాసంలో ఉన్నాడు. ఎనిమిది రోజులయింది మెతుకు ముట్టి. అలాంటివాడి చేత అబద్ధం ఆడించకండి" అంది.

ఇది మీకు చెప్పాలండి. నేను ఎనిమిది రోజులుగా గంజి, మజ్జిగ, కొబ్బరినీళ్ళు తప్ప ఏమీ తినటం లేదు. తినలేక. అందరూ ఉపవాసం అనుకున్నారు. ఆవేళ పంటు దిగేటప్పుడు అయ్యగారు "ఉపవాస కూటాలకి వస్తావా బాబూ" అని అడిగితే, నేను కళ్ళనీళ్ళు పెట్టుకుని ఆయ్ అన్నానంట. ఆయన ఊరంతా చెప్పేరు. వాళ్ళమ్మాయి సుందరి గారు కూడా చూసేరంట. ఇప్పుడు పెద్దవాళ్ళు నన్ను చూసి లేచి నిలబడుతున్నారు. సిగ్గుతో చచ్చిపోతన్నానండి. ఇది ఊరికే అన్నమాట, నిజంగా చచ్చిపోవడం గురించి మీరు డాక్టరు గారిని అడిగేరా?

మీ
ఏసుపాదం.

తా.క. గంజి తాగితే దిగుతుందండి. ఇడ్లీ దిగదు. ఎవరికో చెప్పండి అని కాదు, ఊరికే.

* * *

బొంబాయి,
9-3-83.

చిరంజీవి ఏసుపాదానికి బావ ఆశీర్వాదాలు.

ఒరే, నీ ఉపవాసం సంగతి చదివి నాకు కన్నీళ్ళాగలేదు. నీ వయసులో నేను కొబ్బరితోటలో చుట్టలు కాల్చేవాణ్ణి. మా బావమరిది ఎనిమిది రోజులుగా మెతుకు ముట్టలేదని లాడ్జీలో అందరికీ చెప్పేను. బుచ్చిరాజని నా పక్కమంచం అతను, భీమవరం వాడు, నీ పేరు కాయితమ్మీద రాసుకుని జేబులో పెట్టుకున్నాడు. మరీ నీరసపడకు. డాక్టరు గారు గంజిలో ఉప్పు వేసుకోమన్నారు.

అక్కకి చెప్పు, మా అమ్మకి నేను ఏ తాళంచెవీ పంపలేదు. అమ్మకి చెప్పు, పొగాకు సంగతి నేనేమీ అనుకోలేదు.

ఇక అంజిబాబు. వాడి మీద నాకు చాలా నమ్మకం ఉండేది. ఇప్పుడు నీ మీదికే తోసేడంటే ఇంకేం మిగిలింది? సోడా బండి దగ్గర ఇచ్చేడంట, సోడా బండి దగ్గర! ఏజెంటు దగ్గర నా పేరు కింద వాడి పేరు రాయించేను. ఇరవయ్యో తారీకున కాయితాలు మస్కట్ పోతాయి. ఆలోపు కొట్టించేస్తాను. వాడి పెళ్ళాం చిట్టెమ్మ మెళ్ళో గొలుసు తాకట్టు పెట్టి తిరుగుతున్నాడని తెలుసు, అయినా తప్పదు. కాని ఒకడి నోటికాడ కూడు తీసేముందు నాకు ఒక్క మాట కావాలి. నువ్వు ఒక కార్డు ముక్క రాయి: "అంజిబాబు నాకు తాళంచెవి ఇవ్వలేదు" అని. అంతే చాలు. ఇంకెవరి మాటా నాకక్కర్లేదు. ఉపవాసం చేసే పిల్లాడి మాట.

సూటుకేసులో నీకేం పెట్టేనో చెప్పకూడదనుకున్నాను, అయినా చెప్తున్నాను. ప్యాంటు. ముందు రెండు, వెనక రెండు, నాలుగు జేబులు. ఒక్కదానికీ చిల్లు లేదు.

మీ బావ,
ప్రకాశరావు.

తా.క. లెట్రిను తాళంచెవి ఇంకా దొరకలేదు. మేనేజరు మొండివాడు, దొంగ దొరికేదాకా తాళం పగలగొట్టనంటాడు. వరండాలో మేకుకి అదే వేలాడుతూ ఉండేది, ఇత్తడిది, మా వరస నంబరు ఏడు అని దాని మీద కొట్టి ఉంటుంది. ఇప్పుడు అదే మేకుకి ఎవడిదో బుల్లి తాళంచెవి వేలాడుతోంది, అది దేనికీ పట్టదు. మేనేజరు అందరిచేతా ప్రమాణం చేయించేడు. నేను బైబిలు మీద చెయ్యి వేసి "నేను ముట్టుకోలేదు" అన్నాను. నా అనుమానం బుచ్చిరాజు మీద. నీ ప్రార్థనలో ఆ తాళంచెవి దొరకాలని కూడా ఒక ముక్క కలుపు. ఉపవాసంలో ఉన్నావు, నీ మాట పైన వింటారు.

* * *

మలికిపురం,
16-3-83.

పూజ్యులైన బావగారికి ఏసుపాదం వందనాలు. ఈ ఉత్తరం పడుకుని రాస్తన్నాను, అక్షరాలు వంకరపోతే ఏమనుకోకండి.

మీరు అడిగిన కార్డు నేను రాయలేదు. రాద్దామని కూచున్నాను. "అంజిబాబు" దాకా రాసేను. ఆ పక్క మాట రాయడానికి చెయ్యి రాలేదు. చిట్టెమ్మ గారి గొలుసు గుర్తొచ్చింది. మీ ప్యాంటు కూడా గుర్తొచ్చింది.

మొన్న ఆదివారం గుళ్ళో అయ్యగారు, "మన మధ్య పదిహేడు రోజులుగా ఉపవాసం ఉన్న చిన్నవాడు ఒకడున్నాడు. సాక్ష్యం చెప్తాడు" అని నన్ను ముందుకి పిలిచేరు. నేను ఎప్పుడూ అంతమంది ముందు నిలబడలేదండి. అంజిబాబు గారు ఆఖరి వరసలో, చెప్పులు విడిచేచోట కూచున్నారు. ఆయన పక్కన చాప ఖాళీగా ఉంది, ఎవరూ కూచోలేదు.

నేను గొంతు మీద చెయ్యేసుకుని, "తాళంచెవి..." అన్నాను.

"స్తోత్రం! పరలోకపు తాళంచెవి!" అన్నారు అయ్యగారు.

"ఆమేన్" అన్నారందరూ.

"కాదండి అయ్యగారూ, సూటుకేసుదండి. నా గొంతులో ఉందండి" అన్నాను.

మళ్ళీ ఎవరో ఆమేన్ అన్నారు, అలవాటు మీద.

అప్పుడు మొత్తం చెప్పేసేనండి. అంజిబాబు గారు సోడా బండి దగ్గర నా చేతిలోనే పెట్టేరు. పంటు దిగేటప్పుడు సూటుకేసు రెండు చేతుల్తో నెత్తిన పెట్టుకున్నాను. జేబుకి చిల్లు. అందుకని తాళంచెవి నోట్లో పెట్టుకున్నాను. బల్ల మీద నడుస్తా ఉంటే ఎదురుగా అయ్యగారు, పక్కన టైపు క్లాసు నుంచి వస్తా సుందరి గారు. "ఏం బాబూ, ఉపవాస కూటాలకి వస్తావా?" అన్నారు. అంతటాయన అడిగితే ఆయ్ అనకపోతే ఎలాగండి? పైగా సుందరి గారు చూస్తన్నారు. ఆయ్ అన్నాను. అనేసరికి లోపలికెళ్ళిపోయింది. కళ్ళనీళ్ళు వచ్చింది అందుకండి. భక్తి కాదు.

అందరూ నన్ను కొడతారనుకున్నాను. ముందు లేచింది అంజిబాబు గారే. వెనక నుంచి మనుషుల్ని దాటుకుంటా వచ్చేరు. నేను కళ్ళు మూసుకున్నాను. ఆయన నా దవడ పట్టుకుని నోరు తెరిపించి లోపలికి చూసేరు. "ఓరి నీ తస్సాదియ్యా! ఇన్నాళ్ళూ దీన్ని మోస్తన్నావా? ఆవేళే చెప్పుంటే కాళ్ళు పట్టుకుని తిరగేసి దులిపేవోణ్ణి కదరా!" అన్నారు. అప్పుడు నేను గట్టిగా ఏడ్చేసేను. ఆ ఏడుపు కూడా ఉపవాసానిది కాదండి.

కాకినాడ పెద్దాసుపత్రికి ఆయనే తీసుకెళ్ళేరు. బస్సులో దారంతా నా వీపు రాస్తానే ఉన్నారు. డాక్టరు గారు ఎక్సురే చూసి, "పదిహేడు రోజులా? నువ్వు మనిషివా, బీరువావా?" అన్నారు. మత్తిచ్చి, నోట్లోంచి గొట్టం దింపి, పట్టకారుతో లాగేసేరు. లేచేసరికి పళ్ళెంలో ఉంది. అంజిబాబు గారు దాన్ని రుమాల్లో కట్టుకుని, ఎక్సురే చుట్టచుట్టుకుని ఇంటికి తెచ్చేరు. మీ అమ్మగారు ఎక్సురేని కిటికీ దగ్గర తలకిందులుగా పట్టుకుని, "చూడు హన్నా, నా బిడ్డ గుండెల్లో సిలువ!" అన్నారు. అక్క వచ్చి చూసింది. అత్తాకోడళ్ళు మాటాడుకోవడం అదే మళ్ళీ మొదలు. అక్క నన్ను ఒక లెంపకాయ కొట్టి, అప్పుడు అన్నం కలిపి పెట్టింది. మెత్తగా. అంజిబాబు గారికి అరుగు మీద పీట వేసింది.

బావగారూ, మీ కాళ్ళకి దణ్ణం పెడతాను, ఆయన పేరు కొట్టించకండి. ఈ ఉత్తరం ఇరవయ్యికి చేరదేమోనని భయమేసి నిన్న టెలిగ్రాం కూడా ఇచ్చేం. "చెవి దొరికింది. అంజిబాబు మంచోడు" అని.

ఇంతకీ అసలు సంగతి రాయలేదు. రాయాలంటే సిగ్గుగా ఉంది.

నిన్న వీధి వీధంతా వచ్చి కూచుంది. అక్క తలంటుకుని కొత్త చీర కట్టుకుంది. సూటుకేసు మీద దుప్పటి తీసి, తాళంచెవి పెట్టింది. పట్టలేదండి. అసలు బెజ్జంలోకే దూరలేదు. ఆవేళ స్టేషన్లోనే అనుకున్నాను, ఆ కన్నానికి ఇంత చెవి ఏంటా అని. బొంబాయి సామాను కదా, అలాగే ఉంటుందేమో అనుకున్నాను. అంజిబాబు గారు కొబ్బరినూనె వేసేరు. అయినా దూరలేదు. నేను దాన్ని తీసి వెలుతుర్లో చూసేను. ఇత్తడిది. దాని మీద ఏడు అని కొట్టి ఉంది.

మీ లాడ్జీ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలీదు కదండి. మీరు అంజిబాబు గారికి ఇచ్చేటప్పుడు ఆ మేకు మీంచి తొందరలో తీసింది, లెట్రినుదండి. సూటుకేసు చెవి కూడా మీరు ముందు అదే మేకుకి తగిలించి ఉంటారు, ఇప్పుడు వేలాడుతున్న బుల్లి చెవి అదే. బుచ్చిరాజు గారు తియ్యలేదు. మీరే తీసేరు. బైబిలు మీద చెయ్యి వేసిన సంగతి నేను ఎవరికీ చెప్పను. మీరు మేనేజరు గారితో ఎలా చెప్పుకుంటారో నాకు తెలీదు. నేను చెప్పగలిగేను కాబట్టి మీరూ చెప్పగలరు. లేచి నిలబడేదాకానే కష్టమండి.

దాన్ని రిజిస్టరు పోస్టులో పంపించేస్తానంటే ఎవరూ ఇవ్వటం లేదు. మీ అమ్మగారు ఎర్రదారం కట్టి ఏసుప్రభువు పటం కింద తగిలించేరు. అయ్యగారు ఈస్టరు నాడు గుళ్ళో బల్ల మీద పెట్టి, "ఒక అబద్ధాన్ని బయటికి లాగిన తాళంచెవి" అని ప్రసంగం చేస్తారంట. లోవమ్మ గారు జొరంగా ఉన్న మనవడికి దాన్ని తాకించి తీసుకెళ్ళేరు. నేను మళ్ళీ నోరు తెరిచి అది దేనిదో చెప్పాలా, వద్దా? ఒకసారి చెప్పకపోతే ఎంతదూరం పోయిందో చూసేను. చెప్పెయ్యాలనే ఉంది. ఈస్టరుకి ముందే చెప్పేస్తాను.

మీరు బుల్లి చెవి తెచ్చేదాకా సూటుకేసు తెరవనంటంది అక్క. ఈసారి కోపంతో కాదు.

మీ బావమరిది,
ఏసుపాదం.

తా.క. ఇవాళ సుందరి గారు నన్ను చూడ్డానికి వచ్చేరు. "బాగున్నావా?" అన్నారు. నేను ముందు నోట్లో ఏమీ లేదని నాలికతో తడుముకుని చూసుకుని, ఆయ్ అన్నాను. ఆవిడ నవ్వేరు.

ఇంకో తా.క. బావగారూ, ఒక్క సంగతి మటుకు దాచకుండా రాయండి, మీ మీద ఒట్టు. పద్నాలుగు మంది, అన్నేళ్ళు, పొద్దున్నే ఆ చేతుల్తోనే తీసి ఆ చేతుల్తోనే తగిలించేరు కదా, ఆ తాళంచెవిని ఎప్పుడైనా, ఒక్కసారైనా, ఎవరైనా కడిగేరాండి?